కొత్త మనిషి

నంద్యాల నర్సింగు స్కూలు నుంచి ఆరు నెలలకు నేను ఆళ్లగడ్డలోని ఇంటికొచ్చి చేతులు చాపితే, తొమ్మిది నెలల తమ్ముడు దానియేలు గుక్కపెట్టి ఏడ్చాడు.

“జడుసుకున్నట్టుండాడు. చర్చి అయ్యగారితో ప్రార్థన చేయిద్దాం పా,” అంది అమ్మ.

“జబ్బేం కాదుమా. ఈ వయసులో పిల్లోళ్లు కొత్తోళ్లను చూస్తే ఏడుస్తారు. బాగా ఎదుగుతాండాడని గుర్తు. మొన్న పరీక్షలో గూడా రాసినా.”

“కొత్తోళ్లను చూస్తే గదా? పుట్టినప్పట్నుంచి మూణ్ణెల్లు వానికి నీళ్లు పోసినదానివి. నువ్వు కొత్తదానివా ఏందీ?”

చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాను.

అట్లాంటి బిడ్డను వెంటనే ఎత్తుకోకూడదని, దూరంగా కూర్చుంటే తనే దగ్గరికొస్తాడని క్లాసులో సిస్టరు చెప్పింది. గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాడు అమ్మ కొంగు చాటు నుంచి నన్నే చూస్తున్నాడు.

నంద్యాల బస్సు వేళయ్యేదాకా నేను కదల్లేదు.