నీటి వంతు

"మా ఆయన కనబడక వారమైంది అన్నా! ఎవరో చంపేశారు!"

అనజాన్ ఏడుస్తూ వెంటపడుతోంది. ఊరి పార్కుకు పెద్దగా ఉన్న ఖుదర్‌గన్ మాత్రం పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఉమ్ముకుంటూ, చీకట్లో తీరిగ్గా నడుస్తున్నాడు.

"చంపడానికి వాడేమన్నా పెద్ద ఖాన్ ప్రభువా? కాలవల్లో బురద తోడుకునేవాడు. ఉర్గెంచ్ పట్నంలో ఇంకొకతెను చూసుకుని ఉంటాడు. ఇంటికెళ్లి రొట్టెలు కాల్చుకో."

ఆ ఎడారి ఊరికి నీళ్లు పంచేవాడు ఆమె భర్త మత్‌నజర్. తూము తెరిచి, దాని ఇనుప పలకను పారతో మోగించి, ఎవరి వంతైతే వాళ్ల పేరు కేకేసేవాడు. అతను కనబడకుండా పోయాక పార్కు కాలువల్లో ఇసుక తప్ప ఏమీ లేదు.

"మరి నీ టీ కొట్టు ముందు గులాబీలు పచ్చగా ఉన్నాయేం? నీళ్ల దొంగ దొరికాడు, రేపు అందరి ముందూ పేరు చెబుతానన్నాడు ఆయన, కనబడకుండా పోయే ముందు రాత్రి."

"నోరు జాగ్రత్త. గులాబీల లెక్కలు నీకెందుకే?"

అంతలో పక్కనున్న ఎండు కాలువలో సన్నగా సరసర వినిపించింది. రాలిన ఆకులను నెట్టుకుంటూ నీళ్లు వచ్చి, సరిగ్గా ఖుదర్‌గన్ బూట్ల దగ్గర ఆగాయి.

అతను గబగబా జేబు తడుముకున్నాడు.

"తూము ఎవడు తెరిచాడు? తాళంచెవి నా దగ్గరే ఉందే!"

అనజాన్ ఏడుపు ఆగిపోయింది.

"అది మా ఆయన నడుముకు కదా ఉండేది?"

దూరంగా, చీకట్లో, ఇనుప పలక మోగింది. ఆమెకు బాగా తెలిసిన గొంతు, ఎప్పట్లాగే నింపాదిగా కేకేసింది.

"ఖుదర్‌గన్!"