ఎదురొచ్చే మనిషి

"మేడమ్, ఆవిడ మళ్లీ వస్తోంది" అన్నాడు దుర్గాప్రసాద్. వంతెనకు కాపలా పెట్టిన మనిషి అతను.

సింధూరి తలెత్తి చూసింది. ఆ వంతెనకు డిజైన్ గీసి, దగ్గరుండి కట్టించిన ఇంజనీరు ఆమె.

అవతలి ఒడ్డు నుంచి ఒక పెద్దావిడ తీగల వంతెన మీద నడిచి వస్తోంది. నుదుట బొట్టు లేదు. చేతిలో బుట్టా లేదు, సంచీ లేదు. రోజూ ఇంతే. తెల్లవారగానే వట్టి చేతులతో అవతలికి వెళుతుంది. సరిగ్గా జనం పొలాలకు బయల్దేరే వేళకు తిరిగొస్తుంది.

ఇవతలి గట్టున కూలీలు, పాల క్యాన్లవాళ్లు ఆమెను చూసి ఆగిపోయారు. ఆమె దిగి పక్కకు తప్పుకున్నాక కొందరు వంతెన ఎక్కారు. మిగిలినవాళ్లు పడవ రేవుకే పోయారు.

సింధూరికి ఒళ్లు మండిపోయింది.

అది ఆమె మొదటి వంతెన. కృష్ణ పాయకు ఇవతల కృష్ణా జిల్లా, అవతల బాపట్ల జిల్లా. ఇళ్లు ఇటు, పొలాలు అటు. ఒకప్పుడు ఈ రేవులోనే పడవ మునిగి ఊరు సగం ఏడ్చింది. ఇన్నేళ్లకు వంతెన వచ్చింది. ప్రారంభం రోజున రెండు జిల్లాల నాయకులూ వచ్చి, ఎవరి ఒడ్డున వాళ్లు రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి కార్లెక్కారు. నడిచి అవతలికి వెళ్లిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

అడుగేస్తే వంతెన కొంచెం ఊగుతుంది. తీగల వంతెన అన్నాక ఊగుతుందని, భయం లేదని సింధూరి ఇంటింటికీ తిరిగి చెప్పింది. తానే అటూ ఇటూ నడిచి చూపించింది. కట్టినావిడ నడవక ఏం చేస్తుందిలే అన్నారు జనం.

పైన వానలు ముదిరాయి. బ్యారేజీ గేట్లు ఎప్పుడెత్తుతారో తెలియదు. ఆలోగా జనం చేత పడవ మాన్పించాలి. వంతెన ఎక్కేవాళ్లు రోజుకొకరిద్దరు పెరుగుతున్నా సింధూరి కంటికి ఆనడం లేదు. తిండి సయించక, కూర్చోబుద్ధి కాక, కాలు కాలిన పిల్లిలా గట్టు మీద తిరుగుతోంది.

"నేను చెప్తే మీరు నవ్వుతారు మేడమ్" అన్నాడు దుర్గాప్రసాద్. "మొగుడు పోయినావిడ ఎదురొస్తే పనికి బయల్దేరేవాళ్లు ఆగరా? అంత ఓపిక లేనివాళ్లు పడవకు పోతున్నారు. ఆ టైములో ఆవిణ్ణి రావద్దనండి, వంతెన ఎట్టా నిండుద్దో చూడండి."

సింధూరి నవ్వలేదు. ఇలాంటి మాటలంటే ఆమెకు అసహ్యం. కానీ జనం ఆగడం తన కళ్లతో తానే చూసింది. మనకు నమ్మకం లేకపోతే మాత్రం ఊరి నమ్మకాన్ని కాదంటే ఎలా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మర్నాడు పెద్దావిడ వంతెన దిగుతుండగా ఎదురెళ్లింది. పేరడిగితే రావమ్మ అంది. అవతల ఏం పని అంటే ఏమీ లేదంది.

"ఏమీ అనుకోకండి రావమ్మగారూ. పొద్దున్నపూట అందరూ పనులకు బయల్దేరతారు కదా. ఆ వేళకి మీరు ఎదురు రాకుండా ఉంటే..."

మిగతా మాట చెప్పాల్సిన అవసరం లేకపోయింది. రావమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుని, కాసేపు వంతెన వైపే చూసింది.

"గట్టిదేగా తల్లీ?"

"ఎంతమంది ఎక్కినా ఏం కాదండి."

"అది చాలు. ఇంక రాన్లే."

ఆ మర్నాడు రావమ్మ రాలేదు. వంతెన మీదకు ఒక్కరూ ఎక్కలేదు. రోజూ నడిచేవాళ్లు కూడా గట్టున నిలబడి, అటూ ఇటూ చూసి, రేవుకు పోయారు. సింధూరి బతిమాలింది, కోప్పడింది. దుర్గాప్రసాద్ మొహం చాటేశాడు.

మధ్యాహ్నం గేట్లెత్తారు. పాయ ఎర్రగా పొంగింది. పడవవాడు పడవను కట్టేశాడు. పొలాలకు వెళ్లినవాళ్లంతా అవతలి ఒడ్డున చిక్కుకున్నారు. సింధూరి వంతెన మీద పరుగున వెళ్లి చేతులు పట్టుకుని లాగింది. గాలికి వంతెన ఊగింది. ఎవరూ అడుగు వేయలేదు.

చివరికి సహాయక దళం మోటారు బోటు వచ్చి, ఆ వంతెన పక్కనుంచే వాళ్లను ఇవతలికి చేర్చింది. సింధూరికి ఏడుపొచ్చింది.

బోటు దిగి చీర అంచు పిండుకుంటున్న వెంకటరత్నమ్మను నిలదీసింది. నిన్నటిదాకా రోజూ వంతెన మీదే నడిచిన మనిషి ఆమె.

"ఆవిణ్ణి ఎదురు రావద్దని చెప్పాను కదండీ. ఇంకా ఎందుకు ఆగారు?"

వెంకటరత్నమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"రావద్దంది మీరా ఇంజనీరమ్మా? ఎదురొచ్చిందని ఆగామా మేము? ఆవిడ క్షేమంగా దిగిందాకా చూసి, అప్పుడు ఎక్కేవాళ్లం."

సింధూరి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇల్లు చూపిస్తే వెళ్లి కాళ్లు పట్టుకుంటానంది. రావమ్మ పొద్దుటి బస్సుకే చల్లపల్లిలో చెల్లెలింటికి పోయిందని, ఇక తిరిగి రానంటూ తాళంచెవి తన చేతికిచ్చిందని చెప్పింది వెంకటరత్నమ్మ.

"ఇంత ఊళ్లో ఆవిడ నడకే ఎందుకు చూశారండీ?"

వెంకటరత్నమ్మ పాయ వైపు చూస్తూ అంది.

"అప్పుడు మునిగిన పడవలో మొగుణ్ణీ కొడుకునీ పోగొట్టుకుని ఒడ్డుకు చేరింది ఆవిడొక్కతే. ఆనాటినుంచి ఏరు దాటని మనిషి, మమ్మల్ని దాటించడానికని రోజూ దాటిందమ్మా."