ఆదివారం పాలు

ఆ మాట అమ్మకు చెప్పి ఉండవలసిందా?

అరవై ఒకటిలో ప్రతి ఆదివారం మా కుటుంబమంతా పట్టపుపాళెం వెళ్లి, జాలర్ల పిల్లలకు పాలపొడి కలిపి పోసేవాళ్లం. పిల్లలు గ్లాసుల అడుగు కూడా నాకేవాళ్లు. “ఎంత ఆకలో పాపం!” అని అమ్మ కళ్లు తుడుచుకునేది.

ఒకనాడు అక్కడి పేరమ్మను అడిగాను, “పొద్దున పిల్లలకేం పెట్టావు?”

“ఏం పెట్టలేదు పాపా. మొదటిసారి చేపల వాసనకు అమ్మగారు కక్కుకున్నారు గదా! అందుకే మీరొచ్చేనాడు ఎవరం పొయ్యి ముట్టించం. మీరు పోయినాకే కూడు. రవంత బిన్నా, పొద్దెక్కకముందే బయలుదేరండి తల్లీ!”

బండెక్కాక అమ్మ, “వచ్చేవారం సాయంత్రందాకా ఉందామండీ” అంది. నాన్న మురిసిపోయాడు. నేను నోరు విప్పలేదు.

అమ్మ ఆ తృప్తితోనే పోయింది. పిల్లలను ఇంకో పూట పస్తుంచి అమ్మ సంతోషం కాపాడటం తప్పో కాదో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.