పక్కమంచం పెద్దమనిషి

త్యాగరాజు గారి కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది.

మరో సమయంలో అయితే ఆయన లెక్కచేసేవారు కాదు. వచ్చే నెలలోనే కెనడా పౌరసత్వ ప్రమాణం. కుడిచెయ్యి ఎత్తి చెప్పాలి.

ఎడమచెయ్యి ఎత్తినా ఎవరూ ఏమీ అనరని కూతురు హర్షిణి నచ్చజెప్పింది.

"ఎడమచేత్తో తాంబూలమే ఇవ్వం. ఒట్టు వేస్తామా?" అన్నారాయన.

చేసేది లేక, మిస్సిసాగాలో ఇంటికి దగ్గరున్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో చేర్పించింది.

అక్కడి థెరపిస్టు ప్రణీత్ తెలుగువాడే. ఒక చేత్తో వీపు మీది రెక్క ఎముకను కదలకుండా పట్టి, రెండో చేత్తో చేతి ఎముకను కొంచెం కొంచెంగా కిందికి జరుపుతాడు. నొప్పి మొదలయ్యేచోట ఆగిపోతాడు. చిక్కల్లా త్యాగరాజు గారితోనే. చెయ్యి తగలగానే కొయ్యలా బిగుసుకుపోతారు.

"మీరు వదిలేస్తేనే కీలు జారుతుంది అంకుల్. టైట్ చేస్తే నేను మీ కండతో కుస్తీ పట్టడమే అవుతుంది."

వదలడమెలాగో ఆయనకు తెలిస్తేగా.

తర్వాతిసారి వెళ్లేసరికి పక్కమంచం మీద ఒక పెద్దాయన భుజాన కాపడం సంచీ పెట్టుకుని పడుకున్నారు. పేరు మహీధర్ అట. పలకరింపులు కాగానే మొదలుపెట్టారు.

"వెల్లుల్లి వేయని ఆవకాయ కూడా ఆవకాయేనా అండీ?"

త్యాగరాజు గారింట్లో వెల్లుల్లి గుమ్మం దాటదు. ఆయనకు ఒళ్లు మండింది. ఇంగువ గొప్పతనం మొదలుకొని ఆవపిండి ఘాటు దాకా ఏకరువు పెట్టారు. ఆ వేడిలో ప్రణీత్ చేతులు ఏం చేస్తున్నాయో పట్టించుకోనేలేదు. ఇంటికి బయల్దేరేటప్పుడు చెయ్యి చెవిదాకా వచ్చింది.

వెళ్లినప్పుడల్లా ఇదే రభస. చివరికి విసిగి, ఆ పెద్దమనిషి ఉండే వేళకు తనను పిలవొద్దని ప్రణీత్‌కు ఖరాఖండిగా చెప్పేశారు. ప్రణీత్ నవ్వి సరేనన్నాడు.

గది ప్రశాంతమైంది. భుజం మాత్రం మళ్లీ బిగిసింది.

ప్రమాణానికి ముందురోజు కూడా అంతే. ఖాళీ మంచం చూస్తే ఆయనకు దిగులేసింది. ఉండబట్టలేక పైకే అనేశారు.

"వెల్లుల్లి వేస్తే ఆవకాయ కంపు కొట్టదూ?"

"వెయ్యకపోతే ఉత్త ఆవపిండి కలుపుకున్నట్టుంటుంది అంకుల్," అన్నాడు ప్రణీత్, అచ్చం ఆ పెద్దాయన మాటే.

ఇంకేముంది, వాదన రాజుకుంది. చెయ్యి లేచింది.

మర్నాడు హాలంతటికీ నాన్న చెయ్యే ఎత్తుగా కనిపించిందని హర్షిణి మురిసిపోయింది.

ఆయన మనసులో మాత్రం పక్కమంచం ఆయనే మెదిలారు. నొప్పితో వచ్చిన మనిషిని దూరం పెట్టించానే అని బాధపడ్డారు. ఆయన అడిగితే భార్య సీతాదేవి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కాపురానికొచ్చాక మొదటిసారి వెల్లుల్లి వేసి ఆవకాయ కలిపింది.

ఆ జాడీ పట్టుకుని ఆయన క్లినిక్‌కి వెళ్లారు.

"మహీధర్ గారికివ్వాలి బాబూ. వారి భుజం ఎలా ఉంది?"

ప్రణీత్ మూత తీసి వాసన చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయన నిన్ననే సర్రీ ఊరికి వెళ్లిపోయారనీ, అక్కడ కొత్తగా తెరిచిన క్లినిక్‌లో ఆయన అవసరం పడిందనీ చెప్పాడు.

"మా నాన్న గుండ్రాయిలా ఉన్నారు అంకుల్; మీరు బిగుసుకోకుండా ఉండాలని వచ్చి పోట్లాడేవారు గానీ, ఆయన పుట్టి బుద్ధెరిగాక వెల్లుల్లి ముట్టలేదు."