నక్క అడిగిన పీస్

ఊ కొట్టేవారుంటే చెప్పవలసిన కథ ఇది. అనగనగా ఒక పెరటిలో ఒక కోళ్ళగూడు ఉండేది. దాని తలుపు గడియ లోపలి వైపున ఉండేది.

ఒకనాటి ఉదయం నక్క వచ్చి గూటి ముందు వినయంగా కూర్చున్నది. "అక్కలారా, తాతల నాటి వైరం ఇక చాలు. మీ దగ్గర నేను కోరేది పీస్ మాత్రమే. తలుపు తీయండి" అన్నది.

కోళ్ళకు ఆ మాట తెలియదు. బడిపంతులు ఇంట పెరిగిన చిలుక చూరు మీది నుంచి, "అది ఇంగ్లీషు మాట. శాంతి అని అర్థం. పాపం, నక్క మారినట్టుంది" అని వివరించింది.

హోటలు వెనుక ఎంగిలాకుల మధ్య పెరిగిన కాకి పకపక నవ్వింది. "శాంతీ లేదు, నీ మొహమూ లేదు! పీస్ అంటే ముక్క. లెగ్ పీస్ అని రోజూ వింటున్నాను."

"నేను పుస్తకంలో చూశాను."

"నేను పళ్ళెంలో చూశాను."

కోళ్ళు తికమకపడి ఇటొకసారి, అటొకసారి మెడలు తిప్పాయి. చిలుక అబద్ధమాడదు, కాకీ అబద్ధమాడదు. ఎటూ తేల్చుకోలేక, ఒక పడుచు పెట్ట గడియ మీద ముక్కు కూడా పెట్టింది.

ముసలి పెట్ట దానిని ఆపి, తలుపు సందులోంచి అడిగింది: "తమ్ముడూ, నీకు ఎన్ని కావాలి?"

నక్క మూతి నాకుకొని, "ఇవాళ్టికి రెండు చాలక్కా" అన్నది.

గడియ వేసినది వేసినట్టే ఉండిపోయింది. చిలుక మాత్రం "రెండు శాంతులా?" అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నదట.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా నాయనమ్మ వర్ధనమ్మ.