రెప్పల బాబాయ్

సీటు దగ్గరికి వచ్చేసరికి ఆమె మానిటర్ మళ్ళీ పక్కకి తిరిగి ఉంది.

కిటికీకి ఎదురుగా ఉన్నదాన్ని ఎవరో అడ్డంగా తిప్పారు. ఎత్తు కోసం కింద పెట్టుకున్న లావుపాటి ఫైళ్ళు రెండూ లాగేశారు.

ఎవరో ఏమిటి, రెప్పల బాబాయే.

ఆయన అటెండరు. బీమా ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆ హాల్లో పదహారు మందికీ మంచినీళ్ళివ్వడం ఆయన పని.

గ్లాసు బల్ల మీద పెట్టి పోతే గొడవే లేదు. పెట్టడు. చేతికే ఇస్తాడు. తలెత్తి అందుకునేదాకా కదలడు.

"రెప్ప వెయ్యమ్మా. ఓసారి ఆ చివరి గోడకేసి చూసి, అప్పుడు తాగు."

అందుకే ఆ పేరు.

ఆమె చేరి నాలుగు నెలలైంది. రోజుకి మూడు వందల ఫారాలు ఎక్కించాలి. ఎవరు వెనకబడ్డారో సాయంత్రం బోర్డు మీద పేరుతో సహా రాస్తారు. ఇరవై నిమిషాలకోసారి ఈయన వచ్చి ఎదురుగా నిలబడితే ఆమెకి ఒళ్ళు మండేది.

ఆ సాయంత్రం బోర్డు మీద ఆమె పేరు ఎక్కింది.

"నా కళ్ళు, నా ఇష్టం. మీ పని నీళ్ళివ్వడం. అదొక్కటి చూసుకోండి" అంది నీళ్ళు తెచ్చిన బాబాయితో, హాలంతా వినేలా.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అయినా ఆమె కోపం చల్లారలేదు. మేనేజరుకి ఫిర్యాదు రాసిచ్చింది. మేనేజరు కారణం కూడా అడగలేదు, ఇలాంటి కాగితం కోసమే చూస్తున్నానన్నాడు. బాబాయిని పనిలోంచి తీసేశాడు. మర్నాటి నుంచి ఎవరి నీళ్ళ సీసాలు వాళ్ళే తెచ్చుకున్నారు.

మూడు వారాలు ఆమె మానిటర్‌ని మళ్ళీ పాత తీరునే పెట్టుకుని, తలెత్తకుండా పనిచేసింది.

ముందు కళ్ళు మండాయి. తర్వాత ఇసుక పడ్డట్టు గరగరలాడాయి. ఆ తర్వాత నొసలు పగిలిపోయే నొప్పి, అలుక్కుపోయే అక్షరాలు.

కళ్ళ డాక్టరమ్మ పరీక్ష చేసి, జబ్బేమీ లేదు, కళ్ళు బాగా అలిసిపోయాయంది. మానిటర్‌ని కిటికీకి పక్కవాటుగా తిప్పుకోమంది. చూపు కాస్త కిందికి వాలేలా దించుకోమంది. ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడమంది, రెప్ప వేయడం మరిచిపోవద్దంది.

"ఈ మాత్రం చెప్పే మనిషే లేడా మీ ఆఫీసులో?" అని విసుక్కుంది.



మర్నాడు తిన్నగా ఆఫీసు క్లర్కు దగ్గరికి వెళ్ళింది. తన ఫిర్యాదు తిరిగి ఇచ్చేయమంది. బాబాయిని వెంటనే పిలిపించమంది. నీళ్ళిచ్చే మనిషికి తెలిసినపాటి సంగతి కుర్చీలో కూర్చున్న మేనేజరుకి తెలియదా అని గొంతు పెంచింది.

క్లర్కు పెద్దావిడ ఆమెని అనేదంతా అననిచ్చి, బీరువాలోంచి ఒక ఫైలు తీసింది.

"ఆయన ఊరే వదిలి వెళ్ళిపోయాడమ్మా. ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఇది చదువు."

పైన ఆమె ఫిర్యాదు. దాని కింద, పసుపెక్కిపోయిన ఒక అర్జీ. కిటికీలకి కర్టెన్లు వేయించాలని, బల్లలు మార్పించాలని, అందరికీ గంటకోసారి కళ్ళకి విరామం ఇవ్వాలని. పదహారు సంతకాలకి చోటు వదిలారు. పెట్టింది మాత్రం ఒక్కరే.

ఆ ఒక్క సంతకం కింద మేనేజరు ఎర్రసిరాతో రాసిన ఉత్తర్వు ఉంది: "ఈ అర్జీ పెట్టిన సీనియర్ ఆపరేటరును రేపటి నుంచి అటెండరుగా మార్చడమైనది."