నిశ్శబ్దం పాటించండి

“గుర్వమ్మా, గిది గ్రంథాలయం. నీ ఇల్లు గాదు.”

లైబ్రేరియన్ దివాకర్ ఆ మాట అనడం అది మూడోసారి.

మూల బల్ల దగ్గర గుర్వమ్మ తలెత్తలేదు. వేలు వరస మీదే ఉంది. పైకి చదువుతున్న కథలో తండ్రి తాగొచ్చి కేకలేస్తున్నాడు. కేకంటే మామూలు కేకా! కిటికీ రెక్కలు అదిరాయి. మరుక్షణం అదే గొంతు ఏడేళ్ల పిల్లదై, మంచం కింద నుంచి సన్నగా వణికింది.

ఎదుటి బల్ల మీద గ్రూప్స్‌కు చదువుతున్న పూజ పెన్ను విసిరేసింది.

“సార్, ఆమె ఏడుస్తుంటె నాకు ఏడుపొస్తాంది. చదివిన బిట్లన్నీ మర్చిపోతున్న. గిట్లయితె మేం నలుగురం రేపటి సంది రాం.”

దివాకర్ చప్పున రిజిస్టర్ వైపు చూశాడు.

ఎందుకు చూడడు? చిట్యాల అవతల, హైవే పక్కనున్న ఆ చిన్న గ్రంథాలయాన్ని ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చి నెలైంది. రిజిస్టర్‌లో రోజుకు ఇరవై సంతకాలైనా ఉండాలట. ఉన్నవి తొమ్మిది. అందులో నాలుగు పూజ వాళ్లవి. పదకొండేళ్లుగా దుమ్ము దులిపి, చిరిగిన అట్టలు అతికించి, బిడ్డను సాకినట్టు సాకిన జాగా అది. దానికి తాళం పడుతుందంటే అతనికి అన్నం సహించడం లేదు.

ఇక ఈ గుర్వమ్మ వచ్చేది గురువారం ఒక్కరోజే. ఆ రోజు ఊళ్లో అంగడి. మేకపిల్లనో కోడినో అమ్ముకొని, ఎండ తగ్గేదాకా కాలక్షేపానికి వస్తుందని దివాకర్ అనుకునేవాడు. ఫ్యాన్ గాలి వదిలేసి, వెనక గోడ పక్కన, వెంటిలేటర్ కిందే ఎందుకు కూర్చుంటుందో ఎన్నడూ అడగలేదు.

“మనసుల చదువుకోవచ్చు గదమ్మా!”

“మనసుల చదివితె వీళ్లు లేవరు సారూ.”

“ఎవరు?”

“కథల మనుషులు.”

పూజ కిసుక్కున నవ్వింది. దివాకర్‌కు ఒళ్లు మండింది.

“లే. మళ్ల ఈ గడప తొక్కకు.”

“రెండు పేజీలే ఉన్నయ్ సారూ. గా పిల్ల ఇల్లిడిసి ఉరుకుతాంది. దాన్ని జర వాళ్ల అవ్వ ఇంటికి ముట్టనియ్యి, పోత.”

అతను పుస్తకం లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకసారి వెనక గోడ వైపు చూసింది. చెప్పులేసుకొని వెళ్లిపోయింది.

గ్రంథాలయం చక్కగా నిశ్శబ్దమైపోయింది. బోర్డు మీద ఏం రాసుందో అచ్చం అట్లాగే.

రెండు వారాలు గడిచాయో లేదో, పూజ వాళ్లు కోచింగ్ కోసం హైదరాబాద్ బస్సెక్కారు. సంతకాలు ఐదుకు దిగాయి.

మూడో గురువారం ఆఫీసర్ కృష్ణకాంత్ జీపు దిగాడు. రిజిస్టర్ తిరగేసి పెదవి విరిచాడు.

“ఏందయ్యా దివాకర్, పిట్ట గూడ వాల్తలేదు!”

“సార్, ఆరు నెలలు టైమియ్యండ్రి. మీ కాళ్లు మొక్కుత.”

“నా చేతులేమున్నది? చదివేటోళ్లు లేరు. పుస్తకాలు నల్లగొండకు పోతయ్.”

కాగితం మీద సంతకం పెట్టి, ఫోన్‌తో ఫోటో తీసి అప్పటికప్పుడే పైకి పంపేశాడు. దివాకర్‌కు దుఃఖం ఆగలేదు. ఆఫీసర్ ముందే కళ్లు తుడుచుకున్నాడు.

ఇద్దరూ గుమ్మం దాటేసరికి ఎదురుగా గొంగళ్లు, కర్రలు. గొర్రెల కాపరులు. ఒకరిద్దరు కాదు, యాభై మందికి తక్కువ లేరు. వాళ్ల ముందు గోపయ్య అనే తెల్లమీసాల ముసలాయన.

“సారూ, మీ రేడియో ఖరాబైందా?”

“రేడియో ఏంది?” అన్నాడు దివాకర్.

“గదే, కథలు జెప్పేది. ఈ గోడెనుకనే గద గొర్లంగడి. బేరాలైనంక నీడకు గూసోని సద్ది తినుకుంట రెండేండ్ల సంది ఇంటున్నం. మూడు వారాలైంది బంద్ వడి. తలా ఇంత ఏసుకొని మేం బాగు జేపిస్తం తియ్యి. గా తాగుబోతోని బిడ్డ అవ్వ తాన ముట్టిందా, లేదా? నేను ఇంటికి వోయి జెప్తుంటి. ఇప్పుడు ఆడోళ్లు నా పానం దీస్తున్నరు.”

దివాకర్ గోడ వైపు తిరిగి చూశాడు. పదకొండేళ్లలో ఆ గోడ అవతలికి అతను ఒక్కసారీ పోలేదు. గొర్రెల కంపు భరించలేక గురువారం కిటికీలు మూసుకునేవాడు.

“మరి లోపలికి ఎందుకు రాలేదు?”

“భలే అడిగినవ్ సారూ! మాకు సదువు రాదాయె. లోపట మాకేం పని?”

కృష్ణకాంత్ నెత్తి కొట్టుకున్నాడు.

“యాభై మందా! వేలిముద్రలు ఏయించినా సరిపోతుండె గదయ్యా! ఇప్పుడు జెప్తే ఏం లాభం? కాగితం పైకి పాయె.”

జీపు వెళ్లిపోయింది. గోపయ్య మాత్రం కదల్లేదు.

“ఒక్క మాట సారూ. గా రేడియోల ఎంతమంది ఉంటరు? మేం పందెం గూడ కట్టుకున్నం. పిల్ల ఒకతి, నాయిన ఒకడు, ముసలవ్వ, సర్పంచి, దగ్గుకుంట మాట్లాడేటాయన... మా ఎల్లేష్ ఆరుగురంటడు. నేను ఎనిమిది మందంట.”

“ఒక్కతే పెద్దయ్యా, మీ అంగడికి మేకపిల్లలు తెచ్చే గుర్వమ్మ,” అన్నాడు దివాకర్. ఆమెను పొమ్మన్నది తానేనన్న మాట మాత్రం దాచుకున్నాడు.